చేవెళ్ల దారి పూలతోటల్లో ఏది చూడదగ్గది, ఏది కొనదగ్గది

ఏటా కార్తీకమాసంలో మా ఇంట సత్యనారాయణ వ్రతం ఉంటుంది. అత్తాపూర్‌లో కాపురం కనుక గుడిమల్కాపూర్ పూల మార్కెట్ మాకు కూతవేటు దూరం. ఇన్నేళ్లూ వ్రతం రోజు తెల్లవారుజామున మావారు స్కూటర్ మీద వెళ్లి ఒక సంచి బంతి, ఒక సంచి చామంతి, నాలుగు మూరల కనకాంబరం తెచ్చేవారు. ఆ పనికి ఎవరి సలహా అక్కరపడేది కాదు. ఈసారి మా అమ్మాయి చేవెళ్ల వైపున్న ఒక పూలతోట వీడియో ఫోన్‌లో చూపించి అక్కడికి వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. టిక్కెట్టు కొని లోపలికి వెళితే మనమే తోటంతా తిరిగి నచ్చిన పూలు కోసుకోవచ్చునట. అలా మొదలైన ప్రయాణం ఒక తోటతో ఆగక, వరుసగా రెండు శనివారాలు, మూడు చోట్లకు సాగింది. డబ్బుకు తగిన ఫలితం ఎక్కడ దక్కింది, తెచ్చిన పూలు ఇంట్లో ఎన్నాళ్లు నిలిచాయి, ఎక్కడ బోల్తాపడ్డాం అన్నది వివరంగా రాస్తే వెళ్లాలనుకునేవారికి పనికివస్తుందని ఈ సమీక్ష. ముందే చెబుతున్నాను: టిక్కెట్టు పెట్టిన తోట చూడటానికి బాగుంది, ఇంటి అలంకరణకు పనికివచ్చిన పూలు మాత్రం టిక్కెట్టు లేని చోట దొరికాయి. పేర్లు ఎవరివీ రాయడం లేదు. రైతులిద్దరూ తమ పేర్లు బయటపెట్టవద్దన్నారు, ఇక టిక్కెట్టు తోటను ఒక్క పూట చూసి పేరుపెట్టి నిందించడం నాకే న్యాయంగా తోచలేదు.

దారి సంగతి కొంత చెప్పాలి. అప్పా కూడలి దాటి మొయినాబాద్ మీదుగా వెళితే హైదరాబాద్ నగరం నుంచి చేవెళ్ల సుమారు 40 కిలోమీటర్లు. శనివారం ఎనిమిది దాటితే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే బండ్లన్నీ ఇదే దారి పడతాయి, కాబట్టి ఇంటి దగ్గర అరగంట ఆలస్యం చేస్తే దారిలో గంట పోతుంది. మొయినాబాద్ తర్వాత రోడ్డుకు రెండు వైపులా నిలబడి ఉన్న ముసలి మర్రిచెట్లను చూడటానికైనా ఈ దారిన ఒకసారి వెళ్లవచ్చు. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల ఎగువ ప్రాంతమని 1996లో వచ్చిన 111 జీవో ఇక్కడి 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గాలు వేసింది. నగరం అన్ని దిక్కులా విస్తరించినా ఈ వైపు కూరగాయల మళ్లూ పూలతోటలూ ఇన్నాళ్లు మిగలడానికి అదొక కారణమని ఊళ్లోవాళ్లే చెబుతారు. ఇప్పుడు ఆ మళ్ల మధ్య రంగురంగుల జెండాలు పాతిన వెంచర్లు కూడా తక్కువేమీ లేవు. ఎర్రనేల, బోరు నీళ్లు, బిందు సేద్యం, వీటికి తోడు సాయంత్రం కోసిన పువ్వు తెల్లవారకముందే మార్కెట్‌కు చేరే దగ్గరితనం, ఇవన్నీ కలిసి ఈ ప్రాంతాన్ని నగరానికి పూలబుట్టగా నిలబెట్టాయి.

మొదటి శనివారం టిక్కెట్టు తోటకు వెళ్లాం. పెద్దలకు 150 రూపాయలు, పిల్లలకు 100. గేటు తొమ్మిదిన్నరకు గానీ తీయరు. లోపల ఏర్పాట్లు నిజంగానే శుభ్రంగా ఉన్నాయి: మరుగుదొడ్లు బాగున్నాయి, తాగునీరు పెట్టారు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య కూడా నడవగలిగేటట్టు మడుల మధ్య ఇటుక బాట వేశారు. పొద్దుతిరుగుడు, బంతి, చామంతి, సీతజడ పూలు ఒక్కొక్కటి ఒక్కొక్క చెక్కగా వేసి, మధ్యలో ఎడ్లబండి, ఊయల, మంచె పెట్టారు. ఫోటోల కోసం వచ్చేవారికి ఒక చిన్న సూచన: ముదిరిన పొద్దుతిరుగుడు పువ్వు సూర్యుడితోపాటు తిరగదు, తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. మధ్యాహ్నం దాటాక వెళితే వెలుగు పువ్వు వీపు మీద పడి ముఖం నల్లగా వస్తుంది. మా అమ్మాయి తీసిన ఇరవై ఫోటోల్లో పనికివచ్చినవి పదకొండు గంటలలోపు తీసినవే.

ఇబ్బంది చామంతి చెక్క దగ్గర మొదలైంది. వీడియోలో పసుపుపచ్చని తివాచీలా కనిపించిన చోట, బాట పక్క వరుసలన్నీ ఏపుగా, ఆకుపచ్చగా పెరిగి ఉన్నాయి గానీ మొగ్గ జాడ లేదు. పూలు లోపలి వరుసల్లో మాత్రమే ఉన్నాయి. తోటలో పనిచేసే కుర్రవాణ్ణి అడిగితే ఆలస్యంగా నాటామన్నాడు. కానీ ఆ వరుసలకు సరిగ్గా పైన బాట పొడవునా బల్బుల తోరణం వేలాడుతోంది, సాయంత్రం పూట వచ్చేవారి కోసం దాన్ని రాత్రి పది వరకు వెలిగిస్తారట. చామంతి రాత్రి నిడివిని బట్టి మొగ్గ తొడిగే మొక్క. పొద్దు తగ్గి రాత్రి పెరిగాకే పూతకు వస్తుంది, ఆ చీకటిని దీపం చెడగొడితే ఆకులు వేస్తూ కూర్చుంటుంది. పూలు అమ్ముకునే తోటలో ఆ పని చేయరు, చేసినా పూతను కావాలని వాయిదా వేయడానికి లెక్కగా చేస్తారు. ఇక్కడ ఫోటోల కోసం పెట్టిన దీపాలే ఫోటోలో పడాల్సిన పూలను ఆపేశాయి.

కోసుకునే పద్ధతి కూడా నాకు నచ్చలేదు. టిక్కెట్టులో పూలు కలిసి ఉండవు. 400 రూపాయలకు ఒక చిన్న వెదురుబుట్ట, ఒక కత్తెర ఇస్తారు, బుట్ట నిండేవరకు కోసుకోవచ్చు. కత్తెర మొండిగా ఉండి కాడను కోయడానికి బదులు నలిపింది. నలిగిన కాడ నీరు పీల్చదని తెలిసినవాళ్లు బుట్టతో పాటు అలాంటి కత్తెర ఇవ్వరు. పైగా మేము కోసేసరికి పదిన్నర దాటింది, ఎండకు అప్పటికే రేకులు మెత్తబడ్డాయి. బుట్ట సగమే నిండిందని బయటకు వచ్చేటప్పుడు ‘మా తోట పూలు’ అని బోర్డు పెట్టిన బల్ల దగ్గర ఒక కట్ట జెర్బెరాలు కొన్నాను. పది కాడలకు 200 రూపాయలు తీసుకున్నారు. కారులో కూర్చున్నాక చూస్తే ప్రతి పువ్వు కింద పారదర్శకమైన ప్లాస్టిక్ గిన్నె ఉంది. అది దూరం నుంచి వచ్చే పువ్వు రేకులు నలగకుండా తొడిగేది, అదే గిన్నెతో గుడిమల్కాపూర్‌లో ఎన్నోసార్లు చూశాను. తోటంతా తిరిగినా మాకు ఒక్క జెర్బెరా మొక్క కనిపించలేదు. శనివారం మధ్యాహ్నం గుత్తి పెట్టాను, సోమవారం పొద్దుటికి ఏడు పూలు మెడలు వాల్చేశాయి.

ఆ మొదటి శనివారం మాకు కలిసివచ్చిన విషయం ఒక్కటే. తిరుగు ప్రయాణంలో కిలోమీటరు కూడా రాకముందే రోడ్డు పక్కన ఒక చామంతి చేనులో నలుగురు ఆడవాళ్లు నడుముకు చీరకొంగుతో ఒడి కట్టుకుని పూలు కోస్తుంటే మా అత్తయ్య కారు ఆపించింది. అది సుమారు ఎకరం తోట, యజమాని దంపతులిద్దరూ అక్కడే ఉన్నారు. కిలో రెండు కిలోల లెక్కన అమ్మరని, తమ సరుకంతా మార్కెట్‌లో ఒకే అడ్తీదారుకు వేస్తామని మొదట చెప్పారు. పెట్టుబడికి అతనే ముందుగా డబ్బు ఇచ్చాడట, అందుకని సరుకు ఇంకెవరికీ వేయరట. వ్రతానికని అత్తయ్య చెప్పాక ఆ ఇల్లాలు మెత్తబడి, ‘వచ్చే శనివారం పొద్దుగాల్నే రాండ్రి అమ్మా, అయిదు కిలోలైతే ఇస్తం’ అంది. ఇంటి పూజ అనగానే బేరం ధోరణి మారిపోవడం ఈ ప్రాంతంలో ఇంకా ఉంది.

రెండో శనివారం ఆరున్నరకల్లా చేను గట్టు మీద ఉన్నాం. ఇక్కడ నా తెలివి కొంత తప్పని తేలింది. తెల్లవారుజామున కోసిన పువ్వే మేలని ఎక్కడో చదివి, చీకటితోనే ఇంట్లోవాళ్లందరినీ లేపి బయల్దేరదీశాను. చేనిలో ఎవరూ పని మొదలుపెట్టలేదు, అందరూ గట్టు మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. ‘మంచు ఆరనియ్యాలె గద మేడం. తడి పువ్వు బస్తల బోస్తె లోపట ఉడికి నల్లగైతది’ అందావిడ. కాడతో కోసి నీళ్లలో పెట్టే పువ్వుకు తెల్లవారుజాము మంచిది. కాడ లేకుండా విడిగా కోసి సంచికెత్తే పువ్వుకు మాత్రం రేకుల్లో తడి ఉండకూడదు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆ చేను గట్టు మీద కూర్చునే వరకు నాకు తెలియదు. నవంబరు మంచు ఆరేసరికి ఏడుంబావు అయింది.

కోత మొదలయ్యాక చూడాలి ఆ చేతులు. చూపుడువేలు, మధ్యవేలు పువ్వు కింద దూర్చి, బొటనవేలి గోరుతో తొడిమ మీద ఒక నొక్కు నొక్కితే టక్కుమని ఊడి అరచేతిలో పడుతుంది. కొమ్మ కదలదు, పక్కనున్న మొగ్గ అదరదు. గుప్పిట నిండాక గానీ ఒడిలో వేయరు. నేను ఒకటి లాగితే రెండు మొగ్గలు కూడా వచ్చాయి. ‘మొగ్గల మీద చెయ్యి వెయ్యకుండ్రి, గవి ఎల్లుండి కోతకైతయి’ అని ఒకామె నవ్వుతూనే మందలించింది. పూర్తిగా విచ్చిన పువ్వునే తీస్తారు, నడిమి రేకులు ఇంకా ముడుచుకుని ఉన్నదాన్ని వదిలేస్తారు. రెండు మూడు రోజులకొక విడత చొప్పున ఒకే మొక్క మీద చాలాసార్లు కోత ఉంటుంది కాబట్టి, ఈ రోజు తెంచిన ప్రతి మొగ్గా రాబోయే తూకంలో తరుగే. టిక్కెట్టు తోటలో పిల్లలు మొగ్గలు, కొమ్మలు కలిపి తెంచుతుంటే ఎవరూ ఏమీ అనలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. బల్బుల తోరణం విషయం చెబితే ఆ ఇంటాయన ఒక్క మాటలో తేల్చాడు: ‘రాత్రంత లైటుంటె చామంతికి పొద్దు ఎట్ల తెలుస్తది?’

అయిదు కిలోల పచ్చ చామంతి, కిలో 90 రూపాయల లెక్కన తీసుకున్నాం. పక్క మడిలో గట్టు కోసం వేసిన ముద్దబంతి మూడు కిలోలు అడిగితే, దానికి కిలోకు 50 రూపాయలే తీసుకున్నారు. తూకం చేతి త్రాసుతో వేశారు, ముల్లు ఒరిగాక కూడా రెండు గుప్పిళ్లు అదనంగా పోశారు. ఇక్కడి ఇబ్బందులూ చెప్పాలి. మరుగుదొడ్డి లేదు, నీడ లేదు. చుక్కల నీరు కారే గొట్టాల పక్కన నేల బురదగా ఉంటుంది, చెప్పులతో దిగితే జారతాం. పురుగూ పుట్రా ఉంటాయి కాబట్టి బూట్లు వేసుకోవాలి. తేనెటీగలు చాలా ఉన్నాయి, మనం కదపనంతవరకు వాటి పని అవి చేసుకుంటాయి. పెద్దవాళ్లను గట్టు మీదే కూర్చోబెట్టడం మంచిది.

మూడో చోటు ఆ దంపతులే చూపించారు. వాళ్ల బంధువుల కుర్రవాడు నడిపే అర ఎకరం పాలీహౌస్ అది, పూర్తిగా జెర్బెరా. తెలంగాణ వచ్చిన కొత్తలో ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ఇచ్చినప్పుడు ఈ వైపు చాలామంది వేశారు. ఆ తర్వాత పైకప్పు ప్లాస్టిక్ మార్చుకునే ఖర్చు భరించలేక వదిలేసినవాళ్లూ ఉన్నారని అతను చెప్పాడు. రోడ్డు మీద నుంచి చూస్తే చిరిగిన ప్లాస్టిక్ గాలికి కొట్టుకుంటున్న ఇనుప పంజరాలు ఒకటి రెండు నిజంగానే కనిపిస్తాయి. మేము వెళ్లగానే అతను చేసిన మొదటి పని మమ్మల్ని బయటే ఆపడం. ‘అక్కా, నిన్న సాయంత్రం మందు కొట్టిన. పక్క తెరలు లేపి గాలి ఆడనిద్దాం, పది నిమిషాలు’ అన్నాడు. తెల్లదోమ, నల్లి జెర్బెరాకు పెద్ద బెడద కనుక మందు తప్పదు. ఆ మాట దాచకుండా చెప్పినందుకే అతని మీద నాకు నమ్మకం కుదిరింది. పిల్లలను తీసుకువెళ్లేవారు ఏ తోటకు వెళ్లినా మందు ఎప్పుడు కొట్టారని ముందుగా అడగాలి, పూలను ముక్కుకు ఆనించి వాసన చూడనివ్వకూడదు.

లోపల ఎత్తుగా పోసిన ఎర్రమట్టి మడులు, వాటి మీద రెండేసి వరుసల మొక్కలు, ఆకుల మధ్య నుంచి నిటారుగా లేచిన నున్నని కాడలు; ఎరుపు, తెలుపు, నారింజ, గులాబి రంగులు వరుసకొకటి. జెర్బెరాను కత్తిరించరు. కాడను మొదట్లో పట్టుకుని పక్కకు వంచి మెలితిప్పి లాగితే మొక్క మొదలు నుంచి శుభ్రంగా ఊడి వస్తుంది. కత్తిరిస్తే మిగిలిన మోడు కుళ్లి, ఆ కుళ్లు మొక్కకు పాకుతుంది. ఏ పువ్వు కోతకు సిద్ధంగా ఉందో అతను మా అమ్మాయికి చూపించిన తీరు నాకు బాగా నచ్చింది. పువ్వు నడిమి గుండ్రంలో సన్నని చిట్టిపూలు వలయాలుగా ఉంటాయి. బయటి వలయాలు రెండు మూడు విచ్చుకుని పుప్పొడి కనిపిస్తేనే తీయాలి. నడిమి భాగమంతా బిగుసుకుని ఉన్న పువ్వును తీస్తే కాడ ఇంకా లేతగా ఉండి ఒకటి రెండు రోజుల్లో మెడ వాల్చేస్తుంది. టిక్కెట్టు తోట బల్ల మీద కొన్న జెర్బెరాల ఫోటో నా ఫోన్‌లో ఉంటే తీసి చూశాం. నడిమి భాగాలు అన్నిటికీ గట్టిగా మూసుకునే ఉన్నాయి.

అతను పది కాడల కట్ట 90 రూపాయలకు ఇచ్చాడు, మేము నాలుగు కట్టలు తీసుకున్నాం. షెడ్డు పక్కన కొద్దిగా లిల్లీ కూడా వేసుకున్నాడు. నేలసంపెంగ అని పుస్తకాల్లో రాసే ఆ పూలను మార్కెట్‌లోనూ చేనులోనూ లిల్లీ అనే అంటారు. అడుగున ఒకటి రెండు పూలు మాత్రమే విచ్చి, పైనంతా మొగ్గలున్న కాడలు డజను కోసి ఇచ్చాడు.

తీసుకురావడంలో మొదటి వారం చేసిన తప్పులు రెండో వారం చేయలేదు. అప్పుడు బుట్టను వెనక సీటు మీద ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెట్టాం, ఆ పొడిగాలికి ఇల్లు చేరేసరికే రేకుల అంచులు ముడుచుకున్నాయి. ఈసారి ఖాళీ రంగు డబ్బాలు రెండు కడిగి తీసుకెళ్లి, జానెడు నీళ్లు పోసి, కాడల పూలను వాటిలో నిలబెట్టి, ముందు సీటు కింద కదలకుండా ఇరికించాం. విడి పూలను ప్లాస్టిక్ కవర్లలో కాకుండా, గాలి ఆడే వెదురు గంపల్లో పలుచగా పరిచాం, పైన తడిపి పిండిన నూలు గుడ్డ కప్పాం. చామంతి మీద నీళ్లు చిలకరించవద్దని చేనులో గట్టిగా చెప్పారు. వీధిలో పూలమ్మేవారు చిలకరిస్తారు గానీ అది ఆ పూట అమ్మకానికి, మర్నాటి పూజకు కాదు.

ఇంటికి రాగానే జెర్బెరా కాడల అడుగున గట్టిగా, ఎర్రగా ఉండే రెండంగుళాల భాగం పదును కత్తితో ఏటవాలుగా తీసేశాను. ఆ భాగం నీరు పీల్చదు. జెర్బెరా కాడ లోపల బోలుగా, పైన సన్నని నూగుతో ఉంటుంది, లోతు నీళ్లలో పెడితే నూగు కుళ్లి నీళ్లలో సూక్ష్మజీవులు పెరిగి కాడ గొట్టాలు పూడుకుపోతాయి. పువ్వు నీళ్లలో ఉండి కూడా దాహంతో వాలేది అందుకే. గాజు కూజాలో నాలుగంగుళాల నీళ్లే పోసి, రెండు చుక్కల బ్లీచింగ్ ద్రవం కలిపి, రోజు విడిచి రోజు నీళ్లు మార్చాను. పళ్ల బుట్ట పక్కన కూజా పెట్టవద్దు. మగ్గే అరటిపళ్ల నుంచి వచ్చే వాయువు పూలను త్వరగా ముసలివి చేస్తుంది. వ్రతం ఇంట్లో అరటిపళ్ల గెలకు, పూలకు దూరం పాటించడం అంత సులువు కాదు, చివరకు కూజాలన్నీ ముందుగదిలోకి చేర్చాం.

చామంతి, బంతి పని మా అత్తయ్యది. బంతిని సూదీ దారంతో గుచ్చి ద్వారబంధానికి తోరణం కట్టించింది. రెండు పూలకు ఒక మామిడాకు మధ్యలో వచ్చేట్టు గుచ్చితే బరువు తగ్గి దండ సాగదని ఆమె లెక్క. చామంతిని మాత్రం సూది ముట్టనివ్వలేదు. అరటినారను తడిపి, గోటితో సన్నగా చీల్చి, రెండు పూలు కుడివైపుకు, రెండు పూలు ఎడమవైపుకు తొడిమలు కలిసేట్టు పెట్టి, నారను ఒక చుట్టు తిప్పి బొటనవేలి కింద ముడి లాగుతుంది. దారం కోస్తుంది, నార పట్టుకుంటుంది అంటుంది. మూడు గంటల్లో పద్నాలుగు మూరలు కట్టింది, మా అమ్మాయి ముప్పావు మూర కట్టింది. మిగిలిన పూల రేకులు ఇత్తడి ఉరుళిలో నీళ్ల మీద తేలేశాం. మంటపానికి నాలుగు మూలలా లిల్లీ కాడలు కట్టాం. అవి పగలంతా మొగ్గలుగా ఉండి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక్కొక్కటే విచ్చుకుంటూ, భోజనాలయ్యేసరికి ఇల్లంతా వాసన నిండింది. వచ్చిన బంధువుల్లో ఇద్దరు ఏ సెంటు కొట్టారని అడిగారు.

నిలిచిన రోజుల లెక్క ఇది. బంతి తోరణం మూడో రోజుకు వాడింది. నారతో కట్టిన చామంతి నాలుగు రోజులు రంగు పోకుండా ఉంది, మార్కెట్ చామంతి మా ఇంట ఎప్పుడూ రెండు రోజులు దాటలేదు. లిల్లీలో అడుగున వాడిన పూలు తుంచేస్తూ పోతే పై మొగ్గలు వారం వరకు విచ్చాయి. జెర్బెరాలు నలభైలో ముప్పై ఆరు పదో రోజున కూడా తలెత్తుకునే ఉన్నాయి.

ఖర్చు చూస్తే కథ కొంత మారుతుంది. అదే వారం గుడిమల్కాపూర్‌లో పచ్చ చామంతి చిల్లరగా కిలో 130 అన్నారని మావారు కనుక్కుని వచ్చారు. అయిదు కిలోల మీద మాకు మిగిలింది 200 రూపాయలు, పెట్రోలు ఖర్చు అంతకు మించింది. అంటే డబ్బు ఆదా అవుతుందని ఎవరూ తోటలకు వెళ్లవద్దు. జాంబాగ్ నుంచి ఇక్కడికి తరలి వచ్చిన ఈ మార్కెట్‌లో చుట్టుపక్కల జిల్లాల పూలే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వచ్చిన సరుకూ దిగుతుంది; పది రకాలు ఒక్కచోట, ఒక్క గంటలో కావాలంటే దానికి సాటి లేదు. పెళ్లికో గృహప్రవేశానికో యాభై కిలోలు కావలసినవారు తెల్లవారకముందే అక్కడికే వెళ్లాలి. దసరా, దీపావళి ముందు రోజుల్లో చేన్ల దగ్గరికి అసలు వెళ్లవద్దు. అప్పుడు వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, మనం అడిగే నాలుగు కిలోలు వాళ్ల పనికి అడ్డం.

బతుకమ్మ పూల కోసం ఈ దారి పట్టవచ్చా అని మా పక్కింటావిడ అడిగింది. గునుగు, తంగేడు ఎవరూ నాటి పెంచే పూలు కావు, బీళ్లలో, గట్ల మీద వాటంతటవి వచ్చేవి. రాష్ట్ర పుష్పమైన తంగేడు మొయినాబాద్ దాటాక రాళ్ల నేలల్లో ఇప్పటికీ కనిపిస్తుంది గానీ, ప్లాట్లు చదును చేసిన చోటల్లా ముందుగా పోయేదీ అదే. బంతి, చామంతి, సీతజడ వరకు చేన్ల దగ్గర దొరుకుతాయి.

నా మార్కులు: టిక్కెట్టు తోటకు అయిదింటికి రెండున్నర. ఆ అర శుభ్రమైన మరుగుదొడ్లకూ ఇటుక బాటకూ. పిల్లలతో ఒక పూట గడపడానికి వెళ్లండి, వంద ఫోటోలు తీసుకోండి, బల్ల మీది కట్టలు మాత్రం కొనకండి. చామంతి చేనుకు నాలుగున్నర. పాలీహౌస్‌కు నాలుగు, పువ్వుకు పూర్తి మార్కులే, కానీ ఒక్క పువ్వు రకం కోసం అంత దూరం అందరూ వెళ్లలేరు. చేను దగ్గరకు వెళ్లేవారు ముందు వారమే ఒకసారి వెళ్లి మాట్లాడుకోవడం, కావలసినన్ని కిలోలు చెప్పి బయానా ఇవ్వడం, చిల్లర నోట్లు తీసుకెళ్లడం మరవవద్దు. గంపలు మీవే తెచ్చుకోవాలి.

బయల్దేరేటప్పుడు మా అత్తయ్య ఆ ఇల్లాలిని ఒక చామంతి మొక్క అడిగింది. ఇప్పుడు పెరికితే పూతా పోతుంది, మొక్కా బతకదు, పూలన్నీ అయిపోయి కొమ్మలు కోసేశాక మొదట్లో పిలకలు లేస్తాయి, అప్పుడు వచ్చి ఎన్ని కావాలంటే అన్ని తీసుకుపొమ్మని ఆమె చెప్పింది. ఎప్పుడని అడిగితే శివరాత్రి ముందర అంది. మా వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో ఫిబ్రవరి పేజీ తీసి, ఒక శనివారం చుట్టూ అత్తయ్య పసుపు వేలితో సున్నా చుట్టి పెట్టుకుంది. మేడ మీద నాలుగు కుండీల మట్టి అప్పుడే తిరగేసి ఉంది.